మంట చూసిన రాయి

మా మాస్టారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. నాలుగే వాక్యాలు, ఆయన తమ్ముడుగారి రాత. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైందని, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందని, ఫలానా రోజు పదోరోజని. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉంచుకోరు. చదివి, గుమ్మం బయటే చింపి పారెయ్యాలి. మా అత్తగారు వాకిట్లో నిలబడి "చింపెయ్యమ్మా, లోపలికి తేకు" అంటున్నారు. నేను ఆ కార్డు పట్టుకుని మెట్టు మీద కూలబడిపోయాను. ఆవిడ ఇంకోసారి చెప్పి, నా మొహం చూసి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నీళ్ళు తాగాక చింపాను.

రాజమండ్రిలో ఒక కాలేజీలో ఆయన మాకు జియాలజీ చెప్పారు. ఊళ్ళో రాళ్ళ మాస్టారంటే రిక్షావాళ్ళక్కూడా తెలుసు. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు కొల్లలు. పదోరోజున చాలామంది చెప్పారు కూడా. నేను మాత్రం నోరు మెదపలేదు. నేను చెప్పాల్సింది భోజనాల బంతిలో కూర్చుని చెప్పే సంగతి కాదు. నేను ఆయనతో ఒక అబద్ధం ఆడాను. ఒకే ఒక్క మాట. ఆ మాట నమ్మి ఆయన తన జన్మలో అన్నిటికన్నా ఇష్టపడ్డ ప్రశ్నని మూటగట్టి అటకెక్కించేశారు, తొమ్మిదేళ్ళపాటు. ఆ ముక్క రాయకుండా ఆయన మంచితనం గురించి పేజీలు నింపితే అది రెండో అబద్ధం అవుతుంది. అందుకని అన్నీ రాస్తున్నాను.

మాది పప్పుల వ్యాపారం. మెయిన్ రోడ్డు పక్క సందులో నాన్న కొట్టు. ఇంటర్ పాసయ్యాక బీఎస్సీలో జియాలజీ తీసుకుంటానంటే ఇంట్లో పెద్ద రభస అయింది. క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల, పైగా కొండలెక్కాలట. "రాళ్ళు చదివి ఏం చేస్తావే, కందిపప్పులో ఏరతావా?" అన్నారు నాన్న. గుమస్తాలు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు రాళ్ళ మీద ప్రేమా లేదు, పాడూ లేదు. వద్దన్నారు కాబట్టి కావాలనిపించింది, అంతే.

సీటు ఖాళీగా పోతోందని తెలిసి మాస్టారు స్వయంగా కొట్టుకి వచ్చారు. తలుపు కొట్టుకోకుండా గుమ్మంలో ఒక నల్లరాయి అడ్డం పెట్టి ఉండేది మాకు. ఆయన నాన్నకి నమస్కారమైనా పెట్టకుండా దాని ముందు గొంతుకూర్చున్నారు. వేలు నాలిక మీద తడి చేసుకుని రాయి మీద రుద్ది, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశారు.

"ఇది మీకెక్కడిదండీ?"

"మా తాతగారి కాలంనించీ ఇక్కడే ఉందండి" అన్నారు నాన్న, వచ్చినాయనకి మతి ఉందో లేదో తేల్చుకోలేక.

"అంతకుముందు ఆరుకోట్ల ఏళ్ళనించీ ఉందండి. పాపం, ఎవరూ పలకరించినట్టు లేదు."

నాన్న ఆ రాయివంక అనుమానంగా చూశారు. తరవాత టీ తెప్పించారు. టీ తాగుతూ మాస్టారు నా చదువు గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. మన మెట్ట మీద, అటు కొవ్వూరు వైపు, ఇటు కాతేరు వైపు దొరికే నల్లరాయంతా ఒకప్పుడు బెల్లం పాకంలా పారిందని, అది చల్లారి గడ్డకడితే దాన్ని మనం రోడ్లకి కంకర కొట్టుకుంటున్నామని చెప్పారు. వెళ్తూ వెళ్తూ మాత్రం "అమ్మాయిని పంపించండి. పప్పులో రాళ్ళు ఏరడం కూడా తేలికేం కాదండి" అన్నారు. నాన్న అన్న మాట ఆయన చెవిన ఎలా పడిందో ఇప్పటికీ తెలీదు. నాన్న ఆ పూట నవ్వి, మర్నాడు ఫీజు కట్టారు.

ఆయన క్లాసు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి గంట. మా గది గోదావరి గట్టు వైపు. నీటిమీద ఎండ కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద అలలు అలలుగా కదిలేది. ముద్దపప్పన్నం తిని వచ్చిన పిల్లలం, కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. ఇంకో లెక్చరరయితే సుద్దముక్క విసిరేవాడు. ఈయన "పడుకోండి, పరవాలేదు. కళ్ళు మూసుకునే రండి, దిగుదాం" అనేవారు.

గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టేవారు. ముందు నీళ్ళు. పైన లాంచీ నీడ వెళ్తూ ఉంటుంది, దాన్ని వెళ్ళనివ్వండి. నీళ్ళ కింద ఇసక. ఇసక కింద ఒండ్రు, మన ముత్తాతలు చూసిన వరదలన్నీ పొరలు పొరలుగా అందులోనే ఉన్నాయి. దాని కింద నల్లరాయి. చెయ్యి వెయ్యండి, చల్లగా ఉందా, ఒకప్పుడు మీ చెయ్యి మిగిలేది కాదు. ఇంకా దిగుదాం. ఇవి సముద్రపు గుల్లలు, ఇక్కడో సముద్రం ఉండేది, తొక్కకండి. ఇంకా కిందికి. ఇప్పుడు వెలుగు లేదు. వేడి మొదలైంది. ఇక్కణ్ణించి మాంటిల్, మీ పుస్తకంలో ప్రావారం అని ఉంటుంది. భూమిలో ఎక్కువ భాగం ఇదే. ఇదీ రాయే, కాకపోతే కదిలే రాయి. ఏడాదికి మీ గోరు పెరిగినంత కదులుతుంది, అంతకంటే తొందరేం లేదు దీనికి.

నేను నిజంగానే దిగేదాన్ని. బెంచీ కింద నేల మెత్తబడినట్టుండేది. పైన ఎక్కడో గంట కొట్టేవాళ్ళు, అది ఇంకెవరి ఊళ్ళోనో కొట్టినట్టు వినపడేది. ఆ మూడేళ్ళూ మధ్యాహ్నాలు నేను సగం నిద్రలో, సగం భూమి లోపల గడిపాను. ఇప్పటికీ జ్వరమొస్తే నాకు ఆ మెట్లే కలలోకి వస్తాయి.

ఒకసారి నేనే అడిగాను. "అంత లోతుకి ఎవరూ వెళ్ళలేదు కదండీ. అక్కడేముందో మీకెలా తెలుసు?"

"వెళ్ళక్కర్లేదమ్మా. అక్కణ్ణించి వచ్చినవాళ్ళని అడిగితే చాలు" అన్నారు.

అలా మొదలుపెట్టి చెప్పారు. హీలియం, నియాన్, ఆర్గాన్ లాంటి వాయువులున్నాయి. జడవాయువులంటారు. వాటికి ఎవరితోనూ పొత్తు లేదు. ఆక్సిజన్ ఇనుముతో కలిసి తుప్పవుతుంది, కార్బన్ అందరితోనూ వియ్యమందుతుంది, ఇవి మాత్రం దేనితోనూ కలవవు. లోపల్నించి కరిగిన రాయి పైకి వచ్చేటప్పుడు అందులో పచ్చపచ్చని చిన్న గింజలు తేలతాయి. ఆ గింజల్లో కంటికి కనపడనంత బుడగలు చిక్కుకుంటాయి. ఆ బుడగల్లో ఈ వాయువులు ఇరుక్కుని, రాయి చల్లారాక అలాగే ఉండిపోతాయి. కోట్ల ఏళ్ళయినా సరే. గింజను గాలి లేని గొట్టంలో పెట్టి నలిపితే ఆ ఊపిరి బయటికొస్తుంది. "ఊళ్ళో చుట్టరికం లేనివాడి సాక్ష్యమే సాక్ష్యం" అనేవారు ఆయన. "అందరితో కలిసేవాడు నలుగురి మాటా కలిపి చెబుతాడు. వీడు చూసింది చూసినట్టు చెబుతాడు."

హీలియం రెండు రకాలట. బరువైనది భూమి లోపల రోజూ పుడుతూనే ఉంటుంది, యురేనియం, థోరియం పరమాణువులు విరిగినప్పుడల్లా ఇంత. తేలికది అలా కాదు. దాదాపు అంతా భూమి పుట్టినప్పుడు వెంట వచ్చిందే, మళ్ళీ పుట్టదు. "ఆడపిల్ల పుట్టింటినించి తెచ్చుకున్న ఇత్తడిబిందె అనుకోమ్మా. మిగతా సామానంతా ఇక్కడ కొనుక్కున్నది. భూమి పైభాగం ఎన్నోసార్లు కరిగి పొంగి ఆ బిందెని ఎప్పుడో పోగొట్టుకుంది. ఎక్కడో బాగా అడుగున, ఒక్కసారీ సరిగ్గా కరగని చోటు, ఎవరూ కలిపి తిప్పని చోటు మిగిలుంటే, అక్కడ బిందె ఉండి తీరాలి. తేలిక హీలియం పాలు ఎక్కువున్న రాయి దొరికిందంటే అది అంత అడుగునించి వచ్చిందన్నమాట." సముద్రాల మధ్య దీవుల్లో అగ్నిపర్వతాలు కక్కిన రాళ్ళలో అలాంటిది కనపడిందని అప్పుడప్పుడే విదేశీ పత్రికల్లో వస్తోంది. ఆ పత్రికలు నెలలు ఆలస్యంగా వచ్చేవి మా కాలేజీకి. ఆయన వాటిని నవలల్లా చదివేవారు.

మన నల్లరాయి సంగతేంటన్నదే ఆయన ప్రశ్న. ఇది మన కాళ్ళ కింద నించే పైకొచ్చిందా, లేక గోదారిలాగే పడమటినించి వందల మైళ్ళు పారుతూ వచ్చిందా అన్నది అప్పటికి తేలలేదు. ఏ దారిన వచ్చినా, ఏ లోతునించి బయల్దేరిందో దాన్నే అడగాలి కదా అనేవారు. ఇరవయ్యేళ్ళుగా నోటు పుస్తకాలు రాశారు. ఏ క్వారీలో ఏ వరస రాయి, గింజ ఎంత, రంగు ఏంటి, ఎక్కడ గుల్లలు దొరికాయి, అన్నీ బొమ్మలతో సహా.

మనిషి మాత్రం నవ్వొచ్చే మనిషి. చొక్కా ఎడమజేబులో ఎప్పుడూ ఒక రాయి, దాంతో చొక్కా ఒక పక్కకి లాగేస్తూ ఉండేది, పెళ్ళిళ్ళక్కూడా అలాగే వెళ్ళేవారు. ఎవరింటికెళ్ళినా వంటింటి గుమ్మంలో నిలబడి "మీ సన్నికల్లు ఒకసారి చూడొచ్చాండీ" అనడిగేవారు. తడివేలితో రాళ్ళు రుద్ది ఆ వేలే మళ్ళీ నాలిక మీద పెట్టుకుంటే పిన్నిగారు తల బాదుకునేవారు. మాస్టారి భార్యని మేమంతా పిన్నిగారనే పిలిచేవాళ్ళం. ఒకసారి ఆయన రెండు నెలలుగా వెతుకుతున్న రాయి ఆవిడ మాగాయ జాడీ మీద బరువుగా దొరికింది. "ఉప్పు తగిలిందే, నా రాయి పాడైందే" అని ఆయన. "మీ మట్టి తగిలి నా మాగాయ పాడైంది, దానికెవరు జవాబు చెప్తారు?" అని ఆవిడ. ఆ మాగాయ మా క్లాసంతా తిన్నాం. బాగానే ఉంది.

నేను ఆఖరి ఏడాదిలో ఉండగా ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరాదిన ఒక పెద్ద లేబొరేటరీలో ఆయన పాత స్నేహితుడు పనిచేసేవాడు. యంత్రం కొన్నాళ్ళు ఖాళీ దొరుకుతుంది, నెలాఖరులోగా మంచి రాయి పంపితే గింజలు నలిపి చూస్తానని రాశాడు. మాస్టారు మూడు రోజులు నేలమీద నడవలేదు. నాలుగోరోజు కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేశారు, అది ముందే ఖాయమైపోయింది. మంచం మీద, కంటికి పచ్చగుడ్డ, తల కదపకూడదు. అప్పుడు నన్ను పిలిపించారు.

"క్వారీలో బాగా అడుగు వరసనించి తేవాలమ్మా. నీ కళ్ళముందు సుత్తితో విరిచిన ముక్క కావాలి. మందు పెట్టి పేల్చిందైనా పరవాలేదు గానీ, మంట చూసిన రాయి మాత్రం వద్దు. వేడి తగిలితే ఊపిరి వదిలేస్తుంది. ఏదీ, చెప్పు." నా చేత మూడుసార్లు చెప్పించారు. నాకు విసుగొచ్చింది.

కాలేజీ అటెండరు తోడొచ్చాడు. వంతెన దాటి కొవ్వూరులో బస్సు మారి పంగిడి వైపు వెళ్ళాం. ముందురోజంతా వాన. క్వారీ గోతిలో మోకాల్లోతు బురదనీళ్ళు. అక్కడి మేస్త్రి మాస్టారికి బాగా తెలిసినవాడు, పేరు చెప్పగానే నులకమంచం వాల్చాడు.

"ఆయ్, ఇప్పుడు కిందకి దిగలేరండి. ఇంజను పెట్టి నీళ్ళు తోడిస్తున్నానండి. సాయంత్రం నాలుగింటికల్లా అడుగు కనపడుద్దండి. అందాకా కూకోండి."

నాకు ఆ సాయంత్రం ఫస్టు షోకి స్నేహితురాలు టిక్కెట్టు తీసిపెట్టింది. ఇంతే కారణం. ఇంకేదైనా పెద్ద కారణం ఉండుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను, లేదు.

గోతి పక్కన విరిచిన రాళ్ళ గుట్ట ఉంది. వానల్లో మందు చెమ్మగిల్లి పేలదని, పై వరస రాతిమీద తాటాకూ ఊకా పోసి రెండు రోజులు మంటపెట్టి, కాలిన రాయి మీద చన్నీళ్ళు కొట్టి పగలగొట్టారట. ఆ గుట్టలో ఒక రాయి నన్ను పట్టేసింది. మామూలుగా పచ్చగా ఉండే గింజలు దాంట్లో బంగారపు రంగు తిరిగి మెరుస్తున్నాయి. అంత అందమైన రాయి నేనెప్పుడూ చూడలేదు. చేతిలోకి తీసుకున్నాను.

మేస్త్రి దగ్గరికొచ్చాడు. "అది మంట చూసిన రాయండి. మాస్టారుగారు మంట చూసింది ముట్టుకోరండి."

"నిప్పులో పుట్టిన రాయికి నిప్పంటే భయమేంటి?" అన్నాను.

పనివాళ్ళు నవ్వారు. అటెండరు నవ్వాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మేస్త్రి మాత్రం "ఏమోనండి, మీరు చదువుకున్నోరు" అని ఊరుకున్నాడు. ఆ రాయి గుడ్డలో చుట్టి, చీటీ మీద "అడుగు వరస, సుత్తితో విరిచినది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, మర్నాడు నేనే పార్సిలు చేశాను. మాస్టారి కంటికి ఇంకా గుడ్డ ఉంది. రాయిని చేత్తో తడిమి "బరువు బాగుంది" అన్నారు. సినిమా ఏమంత బాగాలేదు.

జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. పరీక్షలయిపోయి నేను సర్టిఫికెట్ల కోసం ఆయనింటికి వెళ్ళిన రోజున వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని వరండాలో నిలబడే చదివారు. గింజల్లో ఏమీ లేదట. హీలియం జాడ కూడా సరిగ్గా అందలేదట. చివర ఒక ప్రశ్న ఉంది. ఆయన కాగితం మీంచి తలెత్తి ఆ ప్రశ్న నన్నడిగారు.

"ఈ రాయికి వేడేమైనా తగిలిందామ్మా అని రాశాడు. తగిలిందా?"

"లేదండి" అన్నాను.

"అదే నేనూ అనుకున్నాను. తెచ్చింది నువ్వు కదా" అన్నారు.

భయపడి అనలేదు. మార్కులు వచ్చేశాయి, ఆయన తిట్టే మనిషీ కాదు. సిగ్గేసింది. ఆ క్వారీలో నవ్విన నవ్వు గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది, ఆ సిగ్గులో నోట్లోంచి వచ్చిందే ఆ మాట. ఒక్కసారి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి రోజుకో కారణం అడ్డొచ్చేది. ఆయన ఉత్తరం మడిచి జేబులో రాయి పక్కన పెట్టుకున్నారు. "మన రాయి దారిలోనే ఊపిరి వదిలేసిందమ్మా. ఇంక దాన్ని అడగడానికేం లేదు" అన్నారు. అంతే, పిన్నిగారిని కాఫీ పెట్టమన్నారు. ఆ కాఫీ తాగాను నేను.

బీఎడ్ చేశాను, పెద్దాపురంలో ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను, అక్కడే పెళ్ళయింది. ఏటా ఒకటి రెండుసార్లు ఆయన్ని చూసి వచ్చేదాన్ని. ప్రతిసారీ చెప్పేద్దామని బయల్దేరేదాన్ని, పళ్ళూ స్వీట్లూ ఇచ్చేసి వచ్చేదాన్ని. నా తరవాత చదివిన పిల్లలు ఒకసారి కలిస్తే క్లాసులు ఎలా ఉన్నాయని అడిగాను. మధ్యాహ్నాలు కళ్ళు మూసుకోమంటారట. నీళ్ళు, ఇసక, ఒండ్రు అన్నీ చెప్పి, నల్లరాయి దాకా దింపి "ఇక్కడితో చాలు" అంటారట. "కింద ఏముంటుందని మేమూ అడగలేదండీ, అక్కడికే మంచి నిద్ర పట్టేస్తుంది" అన్నాడొక కుర్రాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను.

రిటైరయ్యాక ఆయనకి ఆయాసం పట్టుకుంది. మొన్న కార్తీకంలో చూడ్డానికి వెళ్తే నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. అటక మీది సామాను దింపించారు. అందులో ఆ నోటు పుస్తకాలు, పదకొండు, పురికొసతో కట్టిన కట్ట. దాన్ని కాలితో కాస్త నావైపు జరిపారు.

"మీ నాన్నగారి కొట్లో పొట్లాలకి పనికొస్తాయేమో తీసుకెళ్ళమ్మా. కాగితం మంచిది."

నవ్వుతూనే అన్నారు. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే చెప్పేశాను, సినిమా టిక్కెట్టుతో సహా, బంగారు గింజలతో సహా, మేస్త్రి చెప్పినా వినలేదన్నదానితో సహా. పిన్నిగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"మంట ఎన్ని రోజులు?"

"రెండు రోజులండి."

"ఊకా? కట్టెలా?"

"ఊక, తాటాకు."

తల ఊపారు. అప్పుడు నావైపు చూశారు. పదమూడేళ్ళ పరిచయంలో నన్ను అమ్మా అనో నువ్వనో తప్ప పిలవని మనిషి. "మీరింక వెళ్ళండి" అన్నారు.

ఆ 'మీరు' నన్ను బస్టాండు దాకా తరిమింది. తిట్టినా కొట్టినా అంత బాధ ఉండేది కాదు. వారంరోజులు స్కూల్లో ఏం చెప్పానో నాకు తెలీదు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఆయా వచ్చి "టీచరుగారూ, గేటు దగ్గర ఒకాయన కూలబడిపోయారండీ, మిమ్మల్నే అడుగుతున్నారు" అంది. పరుగెత్తాను. గేటు పక్క రాయి మీద మాస్టారు, పక్కన గుడ్డసంచీ, సంచీలోంచి సుత్తి పిడి కనపడుతోంది. ఊపిరి అందుకోడానికి ఐదు నిమిషాలు పట్టింది.

"తొమ్మిదేళ్ళు నాకు జవాబు తెలుసనుకున్నానమ్మా. ఏమీ తెలీదట" అన్నారు. ఆయన మొహం చూసి నేను బిత్తరపోయాను. పెళ్ళికొడుకు మొహంలా ఉంది. "కాలిన రాయిని అడిగితే అదేం చెబుతుంది? మన రాయిని అసలు ఎవరూ అడగనే లేదు. తెలీదు. ఎంత బాగుందో చూడు ఆ మాట."

"క్షమించండి మాస్టారూ" అన్నాను.

"నీ మీద కోపం పోలేదు. అది వేరే సంగతి, దాన్ని తరవాత చూసుకుందాం. ముందు సెలవుచీటీ రాసి రా."

మర్నాడు ఉదయం రాజమండ్రినించి క్వారీకి బయల్దేరాం. పిన్నిగారు వద్దని మొత్తుకున్నారు, తరవాత ఆవిడే ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చారు. వంతెన మీద బస్సు మెల్లగా వెళ్తోంది. గోదావరి నిండా మంచు, లంకలు కనపడ్డం లేదు, నీళ్ళెక్కడో ఆకాశమెక్కడో తెలీడం లేదు. ఆయన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"నా తొమ్మిదేళ్ళు ఎవరిస్తారమ్మా?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

కాసేపటికి ఆయన చెయ్యి నా చేతిమీద పెట్టారు. కొవ్వూరు దాకా తియ్యలేదు.

ఇంతకీ ఆరోజు క్వారీనించి తెచ్చిన కొత్త రాయి ఏం చెప్పిందని మీరడుగుతారు. తెలీదు. పార్సిలు పంపాం, అందిందనీ వరుసలో ఉందనీ ఉత్తరం వచ్చింది. ఆ లేబొరేటరీకే నేను వేరే ఇంకో ఉత్తరం రాశాను. పాత రాయి మంట చూసిందని, ఆ చీటీ మీద రాత అబద్ధమని, తప్పు మాస్టారిది కాదు నాదని, మీ పుస్తకాల్లో ఆయన పేరుకెదురుగా ఖాళీ అని రాసుంటే కొట్టెయ్యమని. నెల తిరక్కుండా మాస్టారు వెళ్ళిపోయారు. యంత్రం ఏం చెప్పినా ఆయనకి చేరదు. పదకొండు నోటు పుస్తకాలూ మా ఇంట్లో ఉన్నాయి, పిన్నిగారే ఇచ్చారు. రోజుకో పేజీ చదువుతున్నాను. ఆయన నన్ను పూర్తిగా క్షమించారో లేదో నాకు తెలీదు. అడిగే ధైర్యం చాల్లేదు, ఆయనా చెప్పలేదు. కానీ ఆ క్వారీలో ఆయన పక్కన నిలబడనిచ్చారు. నాకది చాలు, ఆ రుణం తీరేది కాదు.

ఆరోజు వెళ్ళి చూస్తే, క్వారీ ఈ తొమ్మిదేళ్ళలో చాలా లోతైపోయింది. మేస్త్రి ముసలివాడయ్యాడు, ఇప్పుడు పని కొడుకు చూసుకుంటున్నాడు. అయినా మాస్టారిని చూసి తనే కర్ర పట్టుకుని ముందు నడిచాడు. పది అడుగులకోసారి ఆగుతూ, రాళ్ళమీద కూర్చుంటూ, అడుగుకి దిగేసరికి గంట పైన పట్టింది. కింద ఎండ ఇంకా పడలేదు. పైన కంకర కొట్టే చప్పుడు సన్నగా వినపడుతోంది. ఆయన రాతిగోడంతా తడివేలితో తడుముకుంటూ వెళ్ళి ఒకచోట ఆగి, "ఇక్కడ" అన్నారు. సుత్తి ఎత్తబోయారు, చెయ్యి లేవలేదు. నా చేతికిచ్చారు.

మూడో దెబ్బకి విరిగింది. పిడికెడంత ముక్క, లోపల నల్లగా తడిగా ఉన్నట్టుంది, అందులో పచ్చటి గింజలు. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "వాసనేం రాదు, నాకు తెలుసు" అన్నారు, నేనేదో అంటానన్నట్టు. తరవాత కళ్ళు మూసుకుని, విరిగిన మొహానికి ముక్కు ఆనించి, ఆ రెండు రోజుల్లో మొదటిసారి ఆయాసం అడ్డు రాకుండా, నిండా ఊపిరి పీల్చుకున్నారు.